ఏ భాషలో పిలవాలి? బెంగళూరు తెలుగిళ్లలో ఆటిజం

మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఉండే తెలుగు దంపతులు, రెండున్నరేళ్లొచ్చినా బిడ్డకు మాటలు రాలేదని ఎవరినైనా అడిగితే పది నిమిషాల్లో చేతికొచ్చే సలహా ఒకటుంది. "ఇంట్లో తెలుగు ఆపేయండి, ఇంగ్లీషొక్కటే మాట్లాడండి. ఇన్ని భాషలు వినేసరికి వాడు తికమకపడుతున్నాడు." ఇంట్లో తెలుగు, పనిచేసే అక్కతో కన్నడం, అపార్ట్‌మెంటు పార్కులో హిందీ, ఫోన్లో ఇంగ్లీషు రైమ్స్. లెక్కేసుకుంటే సలహా సబబుగానే తోస్తుంది. ఆ రోజు నుంచి "కమ్ బేబీ, సిట్ బేబీ, ఓపెన్ మౌత్" మొదలవుతుంది. మనవణ్ని చూసుకోవడానికి అనంతపురం నుంచి వచ్చిన నాయనమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఆమె నోరు మూతపడుతుంది. పగలంతా బిడ్డతో ఉండేదేమో ఆమే.

మాటల ఆలస్యానికి కారణం ఆటిజమే అయినా ఆ సలహా తప్పు. ఆటిజమంటే ఎదుటివాళ్లతో కలవడం, చుట్టూ ఉన్నవాటికి స్పందించడం వేరే తీరులో సాగే ఎదుగుదల. ఆటిజం ఉన్న పిల్లలు రెండు భాషల మధ్య పెరిగితే, ఒకే భాష వినే ఆటిజం పిల్లల కన్నా వెనకబడిపోరని పరిశోధనలు పదేపదే తేల్చాయి. 2012లో కెనడాలో వచ్చిన అధ్యయనం వాటిలో ఒకటి. అసలు నష్టం వేరేచోట జరుగుతోంది. బిడ్డ కింద పడితే తెలుగు తల్లి "అయ్యయ్యో, దెబ్బ తగిలిందా నా బంగారుకొండకి" అంటుంది. గొంతు పైకీ కిందికీ పోతుంది, కళ్లు పెద్దవవుతాయి, చెయ్యి బిడ్డ మోకాలి మీదకు వెళ్తుంది. అదే తల్లి రాని ఇంగ్లీషులో "వాట్ హ్యాపెండ్" అని ఊరుకుంటుంది. ఆటిజం ఉన్న బిడ్డకు మాట కన్నా ముందు అందాల్సినవి ఆ గొంతు, ఆ ముఖం, ఆ చెయ్యి. తెలుగుతో పాటు అవీ ఆగిపోతాయి.

కాబట్టి మీకు తిట్టడానికి, ముద్దు చెయ్యడానికి, కలలో పలవరించడానికి ఏ భాష వస్తుందో అదే ఇంటి భాష. దంపతుల్లో ఒకరు తెలుగు, ఒకరు కన్నడమైతే ఎవరి భాష వాళ్లు మాట్లాడొచ్చు.

మాట కన్నా ముందు వచ్చేవి

మనవాళ్లు మాటల కోసం ఎదురుచూస్తారు. ఆటిజం ఆనవాళ్లు అంతకన్నా చాలా ముందే, మాటతో పనిలేని చోట కనబడతాయి. డాబా మీద ముద్ద పెడుతూ "అదుగో చందమామ" అంటే బిడ్డ ఎటు చూస్తుంది? మీ వేలి కొసనా, మీ చేతినా, ఆకాశంలోకా? చూశాక తిరిగి మీ ముఖం వంక చూస్తుందా? ఈ రెండో చూపే కీలకం. "నేను చూశాను, నువ్వూ చూశావా" అని మాటల్లేకుండా అడగడం అది.

వేలు పెట్టి చూపించడంలో కూడా రెండు రకాలున్నాయి. అలమారలో బిస్కెట్ డబ్బా వైపు చూపించి "అది కావాలి" అనడం ఒకటి. రోడ్డు మీద ఆవును చూపించి "చూడమ్మా" అనడం రెండోది. దాని వల్ల బిడ్డకు ఒరిగేదేమీ లేదు, సరదా పంచుకోవడమే. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ఈ రెండోది ఆలస్యంగా వస్తుంది, లేదా అసలు కనబడదు. మొదటిది కూడా రాకపోతే బిడ్డ మీ మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి, మీ చేతిని ఫ్రిజ్ తలుపు మీద పెడతాడు. మీ ముఖం వంక మాత్రం చూడడు.

పన్నెండు నెలలకు టాటా, దండం, వేలు చూపించడం లాంటి సైగలేవీ లేకపోతే, 16 నెలలకు ఒక్క మాటా లేకపోతే, 24 నెలలకు సొంతంగా రెండు మాటలు కలపకపోతే చూపించుకోవాలి. ఏ వయసులోనైనా సరే, వచ్చిన మాటలు పోతే మర్నాడే బయల్దేరాలి. "నాన్న కూడా మూడేళ్లకే మాట్లాడాడు" అన్నది మన ఇళ్లలో ఏడాది ఆలస్యానికి తరచూ వినబడే కారణం.

పేరు పిలిస్తే తిరగకపోవడం గురించి ఒక మాట. తెలుగిళ్లలో బిడ్డకు ఒక పేరు ఉండదు. అమ్మ కన్నా అంటుంది, నాన్న బుజ్జీ అంటాడు, తాత చిట్టీ అంటాడు, ప్లేస్కూల్లో రికార్డు పేరు పిలుస్తారు. ఒకటే ఎంచుకుని, అందరూ దాన్నే వాడాలి. ఊరికే నలభైసార్లు పిలవకూడదు. పిలిచిన ప్రతిసారీ బిడ్డకు ఏదో ఒక మంచి జరగాలి: ఊయల, చక్కిలిగింత, అప్పడం ముక్క. పిలుపు వెనక ఎప్పుడూ స్నానమో మందో ఉంటే ఏ బిడ్డయినా తిరగడం మానేస్తుంది.

ఇక డాక్టర్లు వాడే నిర్వచనం. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో తెచ్చిన నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం రెండు రకాల తేడాలూ కనబడాలి. ఒకటి, ఎదుటివాళ్లతో ఇచ్చిపుచ్చుకోవడంలో తేడా. రెండు, ఒకే పనిని, ఒకే తీరును పట్టుకుని ఉండటం, శబ్దం, స్పర్శ, వెలుతురు, రుచి మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తెలియడం. వీటితో మాటలు బాగా వచ్చిన పిల్లలూ ఉంటారు. ఒకప్పుడు ఆస్పర్జర్ అని విడిగా చెప్పింది కూడా ఇప్పుడు ఇందులోనే కలిసింది. లెవెల్ 1, 2, 3 అని రాసేది బిడ్డకు ఎంత ఆసరా కావాలో చెప్పడానికే. అవి తెలివికి వేసిన మార్కులు కావు, వయసుతో మారతాయి కూడా. ఆడపిల్లల విషయంలో మరికాస్త జాగ్రత్త అవసరం. పక్క పిల్లలను చూసి అనుకరిస్తూ నెట్టుకొచ్చే పాపను "సిగ్గరి" అని వదిలేస్తుంటారు.

పరీక్షలు ఏ వరసలో

మొదటిది చెవి పరీక్ష. "టీవీలో ప్రకటన పాట వస్తే వంటింట్లోంచి పరిగెత్తుకొస్తాడు, చెవులకేం" అని దీన్ని వదిలేస్తారు. కొన్ని స్థాయుల శబ్దాలే వినబడే పిల్లలుంటారు, చెవిలో నీరు చేరి మాటలు మసకగా వినబడే పిల్లలుంటారు. శబ్దానికి మెదడు స్పందిస్తోందో లేదో నిద్రలో చూసే బెరా పరీక్షతో ఈ సందేహం చాలావరకు తీరుతుంది.

ఆ తర్వాత ఎం-చాట్ అనే ప్రశ్నావళి. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం చేసిన 20 ప్రశ్నలు, అవును, కాదు అనే జవాబులు. అనుమానం కలిగించే ప్రతి జవాబుకూ ఒక మార్కు. 0 నుంచి 2 వస్తే ప్రస్తుతానికి ఫర్వాలేదు. 3 నుంచి 7 వస్తే ఆ ప్రశ్నలనే విడమరిచి మళ్లీ అడగాలి. 8, ఆపైన వస్తే నేరుగా పూర్తి పరీక్షకు పంపాలి. ఇది జల్లెడ మాత్రమే, రోగ నిర్ధారణ కాదు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, "ఎప్పుడైనా ఒకసారి చేస్తాడు" అన్నదాన్ని కూడా అవును అని రాయడం. బిడ్డ మామూలుగా రోజూ చేసేదే రాయాలి.

నిర్ధారణ చెయ్యాల్సింది డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ (పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు), పిల్లల సైకియాట్రిస్టు, పిల్లల న్యూరాలజిస్టు, క్లినికల్ సైకాలజిస్టు లాంటివాళ్లు. బెంగళూరులో హోసూరు రోడ్డు మీదున్న మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో పిల్లల, కౌమారుల సైకియాట్రీ విభాగం ఉంది. మాట, వినికిడి విషయంలో మైసూరులోని ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ కేంద్ర ప్రభుత్వ సంస్థ. వెళ్లేటప్పుడు ఫోన్లో నాలుగు చిన్న వీడియోలు పెట్టుకెళ్లండి: పేరు పిలిచినప్పుడు, ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు, తింటున్నప్పుడు, కోపం వచ్చినప్పుడు. కొత్త గదిలో బిడ్డ ఇంట్లో ఉన్నట్టు ఉండడు. డాక్టరు చూసే అరగంట కన్నా ఆ వీడియోలు ఎక్కువ చెప్పొచ్చు.

రిపోర్టు చేతికి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. కింద చెప్పేవన్నీ ఆటిజం లేని బిడ్డకు చేసినా నష్టం లేదు.

ఇది ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు జన్యువుల పాత్ర పెద్దదని తెలుసు. తల్లి ఉద్యోగానికి వెళ్లడం వల్ల రాలేదు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా వల్ల వస్తుందన్న 1998 నాటి లాన్సెట్ వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఫోన్ ఎక్కువ చూడటం వల్ల వస్తుందంటూ "వర్చువల్ ఆటిజం" అన్న మాట ఇప్పుడు ఊరంతా తిరుగుతోంది కానీ వైద్య పుస్తకాల్లో అలాంటి నిర్ధారణ లేదు. ఫోన్ తగ్గించాల్సిందే, ఎందుకంటే ఫోన్ చూసే గంటలో బిడ్డతో ఎవరూ ఆడరు. ఫోన్ తీసేస్తే ఆటిజం పోతుందని మాత్రం అనుకోవద్దు. వస పోయలేదనీ, నాలుక కింద నరం కోయించమనీ అనేవాళ్లూ వస్తారు. వసతో వాంతులు రావచ్చు, మాటలు రావు.

"నీళ్లు కావాలా" అంటే నీళ్లు కావాలి

ఇంగ్లీషు పుస్తకాల్లో దొరకని తెలుగు చిక్కొకటి ఉంది. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది విన్న ముక్కను విన్నట్టే తిరిగి అంటారు, దీన్ని ఎకోలాలియా అంటారు. అమ్మ రోజూ "నీళ్లు కావాలా?" అని గ్లాసు అందిస్తుంది. బిడ్డ మనసులో ఆ మూడు సంగతులూ, అంటే ఆ శబ్దం, గ్లాసు, దాహం తీరడం, ఒకే మూటగా పడిపోతాయి. దాహమేసినప్పుడు వాడే వచ్చి "నీళ్లు కావాలా" అంటాడు. ఇంగ్లీషులో అయితే "యూ వాంట్ వాటర్" అంటాడు, "ఐ" బదులు "యూ" పడిందని ఎవరికైనా తెలిసిపోతుంది. మనం నేను, నువ్వు అనకుండానే వాక్యం నడిపేస్తాం. తేడా అంతా క్రియ తోకలో ఉంటుంది: కావాలా, కావాలి. వస్తావా, వస్తాను. ఆకలేస్తోందా, ఆకలేస్తోంది. చేతులు చాచి "ఎత్తుకోనా" అనే పాప ఎత్తుకోమని అడుగుతోంది. తెలియని చుట్టం "వద్దులేమ్మా, నేనే ఎత్తుకుంటా" అని నవ్వుతుంది.

"అలా కాదు, కావాలి అను, అను" అని నిలబెడితే బిడ్డ ఆ గొడవను కూడా మూటలో కలుపుకుంటాడు. అడిగింది వెంటనే ఇచ్చి, ఇస్తూనే వాడు అనాల్సిన మాటను వాడి తరఫున మీరనాలి: "నీళ్లు కావాలి." అంతే, మళ్లీ అడగొద్దు. దీనికన్నా పెద్ద పని మన ప్రశ్నలను తగ్గించడం. ఒక పూట ఫోన్ రికార్డర్ ఆన్ చేసి వంటింటి గట్టు మీద పెట్టి తర్వాత వినండి. "తింటావా? చాలా? ఇదేంటి? ఏం రంగు? ఎవరొచ్చారు?" అన్నీ ప్రశ్నలే. ప్రశ్న నుంచి బిడ్డకు వాడుకోదగ్గ మాట దొరకదు. "ఆకలేస్తోంది. అన్నం పెట్టు" అని గిన్నె ముందు పెట్టినప్పుడు దొరుకుతుంది.

మొదట నేర్పాల్సిన మాటలు రంగులు, జంతువులు, ఏబీసీడీలు కావు. వాటితో బిడ్డ దేన్నీ అడగలేడు. ఇవ్వు, ఇంకా, వద్దు, అయిపోయింది, తియ్యి, ఆపు, రా, చూడు. ఈ ఎనిమిదీ రోజంతా పనికొస్తాయి. ముఖ్యంగా వద్దు. "వద్దు" అనగలిగి, అన్నప్పుడు ఎదుటివాళ్లు ఆగిన పిల్లలకు కొరకాల్సిన అవసరం తగ్గుతుంది. తాతగారితో "ఇవ్వండి" అనాలన్న పట్టింపు రెండేళ్లు పక్కనపెట్టండి. ఒకే పనికి ఇవ్వు, ఇవ్వండి అని రెండు రూపాలు నేర్పితే శ్రమ రెట్టింపు. పెద్దవాళ్లు కాస్త నొచ్చుకుంటారు, నచ్చజెప్పుకోవాలి.

పదిహేను నిమిషాలు

థెరపీ సెషన్ సాధారణంగా 45 నిమిషాలు. వారానికి మూడైతే రెండుంపావు గంటలు. బిడ్డ మెలకువగా ఉండేది వారానికి 80 గంటలకు పైనే. ఈ లెక్క చాలు, ఇంట్లో ఏం జరుగుతోందో ఎందుకంత ముఖ్యమో తెలియడానికి. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ జరిగిన పాస్ అనే పరిశోధన 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. అక్కడ స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రులకు వాళ్ల ఆట వీడియోలనే చూపించి, ఎక్కడ బాగా కుదిరిందో చెబుతూ పోయారు. తల్లులు బిడ్డ ధోరణికి తగ్గట్టు మసలుకోవడం పెరిగింది, బిడ్డలు తమంతట తాము పలకరించడమూ పెరిగింది.

రోజుకు 15 నిమిషాల చొప్పున మూడుసార్లు చాలు. టీవీ కట్టేసి, రెండు మూడు వస్తువులే ముందుంచి, బిడ్డ ముఖానికి మీ ముఖం ఎదురుగా వచ్చేలా కూర్చోండి. పక్కనో వెనకో కూర్చుంటే సగం పని పోయినట్టే. వాడు కారు చక్రం తిప్పుతుంటే మీరూ ఇంకో కారు తీసుకుని చక్రం తిప్పండి, "తిరుగుతోంది" అనండి. చాలామంది ఇక్కడే ఆగలేరు. కారంటే రోడ్డు మీద నడపాలి అని చేతిలోంచి లాక్కుంటారు, ఆట అక్కడితో అయిపోతుంది.

అడగాల్సిన అవసరాన్ని కల్పించడం తర్వాతి మెట్టు. గట్టి మూత ఉన్న పారదర్శకమైన డబ్బాలో బూందీ వేసి ఇవ్వండి. లోపల కనబడుతుంది, మూత రాదు. బిడ్డ డబ్బాను కిందేసి కొడతాడు, తర్వాత మీ చేతిలో పెడతాడు. ఇప్పుడు మాట్లాడకండి. కనుబొమలు ఎత్తి, ఊపిరి బిగబట్టినట్టు ముఖం పెట్టి, మనసులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి. ఆ పది అంకెలూ మనకు పది నిమిషాల్లా ఉంటాయి, మూడు దగ్గరే నోరు తెరుస్తాం. బిడ్డకు విని, అర్థం చేసుకుని, శరీరాన్ని కదిలించడానికి అంత సమయం పడుతుంది. ఒక చూపు, ఒక శబ్దం, డబ్బాను మీ వైపు నెట్టడం, ఏది వచ్చినా "తియ్యి" అని వెంటనే తీసి నాలుగు పలుకులే ఇచ్చి మళ్లీ మూత పెట్టండి. పిడికెడు ఇస్తే ఇంకా అనే మాటకు చోటుండదు. పది లెక్కపెట్టినా ఏమీ రాకపోతే "తియ్యి" అని మీరే అని ఇచ్చేయండి. మాట వస్తే గానీ ఇవ్వనని పట్టుపడితే అది ఆకలి మీద చేసే బేరం అవుతుంది, డబ్బాను చూస్తేనే బిడ్డ ఏడుస్తాడు.

మీ వాక్యం బిడ్డ మాట కన్నా ఒక్క మెట్టు పైన ఉండాలి. మాటలే లేకపోతే ఒక్క మాట. ఒక్క మాట ఉంటే రెండు: "ఇంకా బూందీ".

నాలుగేళ్లయినా మాటలు రాకపోతే బొమ్మల దారి మొదలుపెట్టడానికి వెనకాడొద్దు, అంతకుముందే మొదలుపెట్టినా మంచిదే. బొమ్మకార్డు ఇచ్చి వస్తువు తీసుకునే పెక్స్ పద్ధతిని 1985లో అమెరికాలో రూపొందించారు. చెన్నైలో పుట్టిన ఆవాజ్, ఐఐటీ బొంబాయిలో పుట్టిన జెల్లో లాంటి యాప్‌లు బొమ్మను నొక్కితే భారతీయ భాషల్లో పలుకుతాయి. తీసుకునే ముందు తెలుగు గొంతు ఎలా ఉందో విని చూడండి. బొమ్మలు అలవాటైతే బిడ్డ ఇక మాట్లాడడన్న భయానికి ఆధారం లేదు. తనకు కావాల్సింది దొరుకుతుందన్న నమ్మకం కుదిరాక కొందరికి మాటా తోడవుతుంది.

రోజు క్రమాన్ని కూడా బొమ్మల్లో పెట్టొచ్చు. కార్టూన్లు వద్దు. మీ ఇంటి బకెట్టు, మీ ఇంటి పళ్లెం, స్కూలు వ్యాను, వీటినే ఫోన్లో ఫొటో తీసి ప్రింటు వేయించి లామినేట్ చేసి వెల్‌క్రో అంటించండి. మూడు ఫొటోలతో మొదలుపెట్టండి. పని కాగానే బిడ్డే ఆ ఫొటోను ఊడదీసి "అయిపోయింది" అని రాసిన కవర్లో వెయ్యాలి. ఈ పట్టీ ఎక్కువగా పాడయ్యేది అమ్మలు దాన్ని స్నానం, హోంవర్కు లాంటి ఇష్టంలేని పనులకే వాడటం వల్ల. ప్రతి రెండు ఫొటోల్లో ఒకటి వాడికి ప్రాణమైనది అయ్యుండాలి. సంక్రాంతికి ఊరెళ్తుంటే రాత్రి బస్సు ఫొటో, అమ్మమ్మ ఇంటి గేటు ఫొటో వారం ముందే పట్టీలోకి రావాలి.

విజిల్, ట్రిమ్మర్, గుండు

కుక్కర్ మూడో విజిల్‌కి చెవులు మూసుకుని గోడకు తలకొట్టుకునే బిడ్డ మొండివాడు కాదు. ఆ శబ్దం అతనికి నొప్పిలా తగులుతోంది. విజిల్ రాబోతోందని ముందే చెప్పి వేరే గదిలోకి తీసుకెళ్లడం, మిక్సీ వేసే ముందు స్విచ్చి వాడిచేతే వేయించడం లాంటివి పనిచేస్తాయి. శబ్దం ఎప్పుడొస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. వినాయకచవితి డప్పులకు, మాల్‌కు ఇయర్ మఫ్స్ పెట్టొచ్చు. రోజంతా పెట్టి ఉంచితే చెవి మామూలు శబ్దాలకు కూడా ఉలిక్కిపడటం మొదలవుతుంది.

మన ఇళ్లలో అసలు పరీక్ష జుట్టు దగ్గర. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించే రోజున క్యూ, జనం, తడి నేల, పరాయి మనిషి చేతిలో కత్తి, మెడ మీద గుచ్చుకునే వెంట్రుకలు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. మూడు వారాల ముందు ఇంట్లో మొదలుపెట్టండి. మొదటి రెండు రోజులు ఆపి ఉన్న ట్రిమ్మర్‌ను బొమ్మలా చేతికివ్వండి. తర్వాత పక్క గదిలో పది సెకన్లు ఆన్ చేసి ఆపండి. ఆ తర్వాత అదే గదిలో, దూరంగా. తర్వాత ఆపి ఉన్నదాన్ని వాడి భుజానికి తాకించండి, ఆ తర్వాతే ఆన్ చేసి భుజానికి, చివరికి మెడకు. ఏ మెట్టులో బిడ్డ బిగుసుకుంటే అక్కడి నుంచి ఒక మెట్టు వెనక్కి. రోజుకు రెండు నిమిషాలు మించొద్దు. తడిచెయ్యితో మెత్తగా తాకడం కన్నా అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోవడాన్ని చాలామంది పిల్లలు ఓర్చుకుంటారు.

కొట్టడం, కొరకడం, తల బాదుకోవడం కొత్తగా మొదలైతే మొదట ఒంటిని చూడాలి: పిప్పిపన్ను, చెవిపోటు, మలబద్ధకం. చెప్పుకోలేని బిడ్డకు నొప్పి ఇలాగే బయటపడుతుంది. అవేవీ లేకపోతే రెండు వారాలు ఒక పుస్తకంలో మూడు గళ్లు గీసి రాయండి: దానికి ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేశాడు, తర్వాత అతనికి ఏం దొరికింది. "ఉత్తినే కొడుతున్నాడు" అన్నది పుస్తకంలో చూస్తే ఉత్తినే ఉండదు. పెరుగన్నంలో ఆవాలు తగిలినప్పుడల్లానో, చిన్నాన్న వీడియో కాల్ వచ్చినప్పుడల్లానో తేలుతుంది. గొడవ ముదిరి బిడ్డ చేతిలో ఏమీ లేని స్థితికి వచ్చాక బుద్ధులు చెప్పొద్దు. లైటు తగ్గించి, జనాన్ని పంపేసి, నోరు కట్టేసుకుని దగ్గర ఉండండి.

ఎవరిని నమ్మాలి

స్పీచ్ థెరపిస్టుకూ స్పెషల్ ఎడ్యుకేటరుకూ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య ఉండాలి. అడగడంలో తప్పులేదు. మంచి థెరపిస్టు మిమ్మల్ని గదిలోకి రానిస్తారు, ఈ మూడు నెలల్లో ఏం సాధించాలో కొలవదగ్గ మాటల్లో రాసిస్తారు. "ఐ కాంటాక్ట్ ఇంప్రూవ్ చెయ్యడం" లక్ష్యం కాదు. "దాహమేసినప్పుడు కార్డు తెచ్చి ఇవ్వడం, పదిలో ఎనిమిదిసార్లు" అన్నది లక్ష్యం. మీరు నేర్పుతున్న ఎనిమిది తెలుగు మాటలను వాళ్ల పుస్తకంలో మొదటి పేజీలో రాయించండి. థెరపిస్టు కన్నడిగులైనా సరే, అడిగితే "ఇంకా", "వద్దు" అనడానికి సాధారణంగా ఎవరూ కాదనరు.

ఆటిజాన్నే పోగొట్టే మందు లేదు. రిస్పెరిడోన్ లాంటి మందులు విపరీతమైన చిరాకు, తనను తాను గాయపరచుకోవడం ఉన్నప్పుడు డాక్టరు రాస్తారు. ఫిట్స్, నిద్రలేమి ఉంటే వాటికి వేరే వైద్యం. స్టెమ్ సెల్స్ ఎక్కించి ఆటిజం నయం చేస్తామనే ప్రకటనలు చూస్తుంటాం. 2022 డిసెంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ నైతిక విభాగం ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చెయ్యలేమని, దాన్ని ప్రచారం చెయ్యడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని చెప్పింది. లక్షలు చేతిలో పట్టుకుని వెళ్లేముందు ఈ ఒక్క సంగతి చాలు.

కాగితాలు త్వరగా చెప్పేస్తే: 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సర్టిఫికెట్ కోసం ఇసా అనే భారతీయ కొలతను వాడతారు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. మొత్తం 70 లోపు ఉంటే ఆటిజం కాదు, 70 నుంచి 106 తక్కువ, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్లో దరఖాస్తు చేస్తే వచ్చే యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు దేశమంతా చెల్లుతుంది. చిన్నపిల్లలకు ఇచ్చేది సాధారణంగా తాత్కాలికం, గడువు తేదీని క్యాలెండర్లో రాసిపెట్టుకోండి. పింఛను లాంటి రాష్ట్ర పథకాలు మాత్రం చిరునామాను బట్టే. ఆధార్ కడపలో, కాపురం బెంగళూరులో ఉంటే ఏ రాష్ట్రంలో ఉంటారో ముందు తేల్చుకుని ఆ తర్వాతే మొదలుపెట్టడం మంచిది. ఆటిజం లాంటి వైకల్యాల కోసం ఉన్న కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, చేరేముందు వైద్య పరీక్షలు అడగరు. వైకల్యం ఉన్నవాళ్లను పోషించేవాళ్లకు ఆదాయపు పన్నులో 80డీడీ అని అందరూ పిలిచే తగ్గింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే: 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. పద్దెనిమిదేళ్లు నిండాక అవసరమైతే చట్టబద్ధ సంరక్షకత్వానికి జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చెయ్యాలి.

స్కూలు తలుపు దగ్గర

ప్రభుత్వ స్కూళ్లు, ప్రభుత్వ సాయం లేదా గుర్తింపు ఉన్న స్కూళ్లు వైకల్యం ఉన్న పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకునేలా చూడాలని ఆ 2016 చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కును 31వ సెక్షన్ ఇస్తోంది. గేటు దగ్గర మాత్రం "సీట్లు లేవు" అన్న మాటే వినబడుతుంది. దాన్ని కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడిగితే సంభాషణ మారడం చూస్తుంటాం. సీబీఎస్ఈ స్కూళ్లలో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండు భాషల బదులు ఒకటే చదివే వెసులుబాటు ఉన్నాయి. కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం కన్నడం బోధించడం తప్పనిసరి కాబట్టి, భాషల విషయం ఒకటో తరగతిలోనే స్కూలుతో మాట్లాడుకోవాలి, తొమ్మిదిలో కాదు. అంటే బిడ్డను కన్నడానికి దూరం పెట్టమని కాదు. పాఠంగా రాని భాష ఆటస్థలంలో చక్కగా రావచ్చు.

టీచరుకు ఇరవై పేజీల రిపోర్టు ఇస్తే చదవరు, చదివే తీరిక ఉండదు. ఒక్క పేజీ ఇవ్వండి: ఏది ఇష్టం, ఏది భయం, టాయిలెట్ కావాలని ఎలా చెబుతాడు, గొడవైనప్పుడు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు. దానికి తోడు బిడ్డ మెడలో ఐడీ కార్డు వెనక ఇంకో చిన్న కార్డు పెట్టండి. తెలుగులో అతను అనే మాట, పక్కనే కన్నడ లిపిలో దాని అర్థం: వద్దు ఎదురుగా బేడ, చాలు ఎదురుగా సాకు, నీళ్లు ఎదురుగా నీరు. ఆ కార్డు టీచరు కన్నా ఆయమ్మకే ఎక్కువ అవసరం. బాత్‌రూమ్‌కి తీసుకెళ్లేది, టిఫిన్ డబ్బా మూత తీసేది ఆమే. ఆమె చెయ్యి చాచి "కొడి" అంటే ఇవ్వమని అర్థమనీ, అది మన కోడి కాదనీ బిడ్డకు ఇంట్లో ఆటగా నేర్పి పంపండి. ఆమెకు కూడా ఒక సంగతి చెప్పి ఉంచండి: వీడు రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని "అయిపోయిందా, అయిపోయిందా" అంటే అడగడం లేదు, గది బయటకు తీసుకెళ్లమంటున్నాడు.